ఆదివారం నాటి సున్నా

సముద్రం మీంచి లేచిన మంచు ఎర్రమట్టి దిబ్బల్ని మింగేసే వేళకి నళిని కొలను గదిలో ఉండేది. కొలను అంటే నీళ్లూ తామరలూ అనుకునేరు, అదేం కాదు. భీమిలి దారిలో ఒక పాత ఉప్పు గోదాము ఉంది. దాని కిటికీలన్నీ మూసేసి లోపల నడుమెత్తున వెలుతురు పరిచారు. ఆ వెలుతురు మీద మూడువందల పన్నెండు దీపాలు తేలుతుంటాయి. ఒక్కో దీపం కింద ఊరి బళ్లో చదివే ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు. అక్కడ వాళ్లు ప్రార్థనకి నిలబడితే ఇక్కడ దీపాలు వరసలు కడతాయి. ఇంటర్వెల్ గంట కొట్టారంటే చాలు, చేట్లోంచి అటుకులు ఎగిరినట్టు చెల్లాచెదురైపోతాయి.

ఎవర్నైనా ఏడిపించి వచ్చిన పిల్ల దీపం ఎర్రబడి పైకి లేస్తుంది. ఏడ్చిన పిల్ల దీపం నీలమై కిందికి దిగుతుంది. ఎవరికీ ఏమీ కానప్పుడు తెల్లగా సున్నా గీత మీద నిలబడుతుంది. అంతే సంగతి. కానీ చూడ్డానికి ఎంత బాగుండేదంటే, తనిఖీకి వచ్చిన అధికారులు ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవారు.

నళిని పిల్లల మనసుల మీద పరిశోధన చేసే డాక్టరు. ఈ కొలనుకి ముందు పదకొండేళ్లు కాగితాలతో కుస్తీ పట్టింది. గత వారంలో ఎన్నిసార్లు ఎవరినైనా కొట్టావు? ఎన్నిసార్లు నిన్ను ఎవరైనా వెక్కిరించారు? ఎన్నిసార్లు ఎవరైనా కావాలని నీతో మాట్లాడటం మానేశారు? ఇలా ప్రశ్నలు. పక్కన గళ్లు: ఎప్పుడూ లేదు, ఒకసారి, రెండు మూడుసార్లు, చాలాసార్లు. పన్నెండేళ్ల పిల్లలు ఇలాంటి వాటికి నిజం రాస్తారా? ఒక బళ్లోనైతే పరీక్ష అనుకుని క్లాసు క్లాసంతా మొదటి బెంచీ పిల్ల కాగితం చూసి దింపేశారు. నలభైమందీ రెండు మూడుసార్లు కొట్టారు, నలభైమందీ రెండు మూడుసార్లు దెబ్బలు తిన్నారు. ఆ కట్ట ముందేసుకుని నళిని నవ్వాలో ఏడవాలో తెలీక టీ తాగింది.

ఆ మూడో ప్రశ్న మాత్రం ఆవిడే పట్టుబట్టి పెట్టించింది. మాట్లాడకపోవడం కూడా దెబ్బేనా అని కమిటీ పెద్దలు నవ్వారు. దెబ్బల్లోకెల్లా అదే పెద్దది, కమిలిన చోటు కనపడదు గనక ఎవరూ మందు రాయరు అని వాదించి నెగ్గింది.

గొంతు సంగతి అనుకోకుండా దొరికింది. మాట అడుగున ఇంకో సన్నని స్వరం ఉంటుంది, చెవికి ఆనదు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల లోపు అది మహా పచ్చిగా ఉంటుంది. మనసు నొచ్చుకుంటే కిందికి జారి గంటల తరబడి అక్కడే పడి ఉంటుంది. ఎవరి మీదైనా నోరో చెయ్యో చేసుకుంటే పైకి పొంగి అలాగే నిలుస్తుంది. పద్నాలుగు దాటాక గొంతు దాచుకోవడం నేర్చుకుంటుంది, ఇక అంతుచిక్కదు. ఆ స్వరాన్ని వినడానికి చేసిన పూసే గురివింద. మెడలో దారానికి వేలాడే ఎర్ర పూస, కొసన నల్ల చుక్క. పూర్వం కంసాలులు బంగారం తూచింది ఆ గింజలతోనే కదా మేడమ్, మనం పిల్లల బాధ తూస్తున్నాం అని కొలను చూసుకునే ఇంజనీరు ఇస్మాయిల్ ఆ పేరు పెట్టాడు. కొలత పేరు కూడా గింజలే. పది గింజలు కిందికి, ఇరవై గింజలు పైకి అనేవారు.

సరే, ఎక్కడి నుంచి పైకి, ఎక్కడి నుంచి కిందికి? ఒక్కో గొంతు ఒక్కో రకం. అందుకని పిల్లకో సున్నా కావాలి. ఏ గొడవా లేని చోట, ఏ భయమూ లేని పూట ఆ గొంతు ఎక్కడుంటుందో అది సున్నా. అలాంటి చోటు ఏది? ఇల్లు. అలాంటి పూట? ఆదివారం పొద్దున్న. ఈ మాట అన్నది నళినే. కమిటీలో ఉన్న ఏడుగురూ తలలూపారు. ఏడుగురికీ ఇళ్లూ ఉన్నాయి, ఆదివారాలూ ఉన్నాయి మరి.

తల్లిదండ్రులు మాత్రం మొండికేశారు. బళ్లో సంగతి వినండి, మా ఇంటి సంగతి మీకెందుకు అన్నారు. సబబే అనిపించింది. అందుకే సున్నాని పూసలోపలే సీలు వేశారు. ఆదివారం ఎనిమిదింటికి పిల్ల తన ఇంట్లో 'పొద్దున్నే సముద్రం ఎలా ఉంటుంది' అనే ఎనిమిది వాక్యాల పాఠం పైకి చదవాలి. పూస విని, అదే సున్నా అనుకుని, మూసుకుంటుంది. ఇంట్లోవాళ్లు సంతకం పెడితే తప్ప ఆ సున్నా ఎంతో ఎవరూ చూడకూడదు. మూడువందల పన్నెండు సున్నాల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ చూడలేదు.

వాటిలో ఒకటి ఆమనిది. ఆమని నళిని కూతురు, ఏడో తరగతి, అదే బడి. వాళ్ల నాన్న సరకు ఓడల్లో ఇంజనీరు, ఆరు నెలలకోసారి ఇంటికి తేలతాడు. కొలనులో ఆమని దీపం సున్నా గీత మీద తెల్లగా నిలబడి ఉండేది. కదిలేదే కాదు. చుట్టూ దీపాలు ఎగిరిపడుతున్నా, మునిగిపోతున్నా, దానికేమీ పట్టేది కాదు. "మన కొలనుకి నీటిమట్టం మేడమ్ మీ అమ్మాయి," అనేవాడు ఇస్మాయిల్. నళిని పైకి ఏమీ అనేది కాదు గానీ ఆ మాట రోజంతా లోపల తియ్యగా ఉండేది. ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. పక్కింటివాళ్లు పిల్లల్ని కేకలేస్తుంటే వినలేక కిటికీ మూసుకునేది.

ఆవిడ పద్ధతి వేరు. పిల్ల తప్పు చేస్తే మాట్లాడేది కాదు. అన్నీ కంచంలో వడ్డించి మూత పెట్టేది. యూనిఫాం ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టేది. తప్పేమిటో పిల్లకే తెలియాలి, తెలుసుకుని తనే వచ్చి చెప్పాలి. ఒక్కోసారి పూటలో తెలిసేది, ఒక్కోసారి మూడు రోజులు పట్టేది. నీళ్ల మోటారు కట్టెయ్యకుండా బడికి వెళ్లిపోయినప్పుడు తొమ్మిది రోజులు పట్టింది. నళినిని వాళ్ల నాన్నగారు పెంచింది కూడా అలాగే. దెబ్బ లేని పెంపకం అని ఆవిడకి దాని మీద ఎంతో గౌరవం.

ఇక రత్నం. పూర్తి పేరు నూకరత్నం. ఆమని క్లాసే. జాలరిపేట పిల్ల, నవ్వితే చిగుళ్లు కనపడతాయి, నడవాల్సిన చోట పరిగెడుతుంది. గురివింద వేసుకుని బడికి వచ్చిన మొదటి రోజు నుంచీ దాని దీపం ఎరుపే. ఇరవై రెండు గింజల ఎత్తున ప్రార్థనలో ఎరుపు, లెక్కల క్లాసులో ఎరుపు, అన్నం తినేటప్పుడూ ఎరుపే. అది ఎవర్ని ఏం చేసిందో చూసినవాళ్లు లేరు. మెట్ల మీద ఎవరో ఒక పిల్లని తోశారు. ఎవరో ఎవరిదో డ్రాయింగ్ పుస్తకం చింపారు. ఎవరని కొలనులో వెతికితే ఆ దగ్గర్లో ఎర్రగా వెలుగుతూ కనపడేది రత్నమే.

హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానప్రసూన గారు నిజంగా మంచి మనిషి, ఆవిడ బళ్లో బెత్తం అనేదే లేదు. ఏం చెయ్యమంటారని నళినిని అడిగింది. నళిని బాగా ఆలోచించి చెప్పింది. కిటికీ పక్కన విడిగా ఒక బల్ల వెయ్యండి. గొంతు సున్నాకి దిగేదాకా పిల్లలెవరూ ఆ అమ్మాయితో మాట్లాడకుండా చూడండి. శిక్ష కాదు, విశ్రాంతి.

మందు పనిచేసింది. నెల తిరిగేసరికి రత్నం దీపం పద్నాలుగుకి దిగింది, రెండో నెలకి ఆరు. డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఎరుపంతా విడిచి తెల్లగా సున్నా గీతని తాకింది. ఇస్మాయిల్ లడ్డూలు తెప్పించాడు. జిల్లాలోని అన్ని బళ్లకీ గురివిందలు ఇవ్వాలనీ, ఎర్రబడ్డ ప్రతి పిల్లకీ విడి బల్ల వెయ్యాలనీ కాగితాలు తయారయ్యాయి. సోమవారం మీటింగు, సంతకాలు. మళ్లీ ఎర్రబడకుండా రత్నం బల్ల మాత్రం సంవత్సరం ఆఖరు దాకా కదపొద్దనుకున్నారు.

ఇదంతా ఇలా ఉండగా శుక్రవారం రత్నం వాళ్లమ్మ గోదాముకి వచ్చింది.

పేరు పైడమ్మ. చేపల గంప బయట దింపి, చేతులు చీరకి తుడుచుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"డాట్రమ్మగోరు, మా గుంట మాటాడ్డం మానీసిందమ్మా," అంది. ఆ వైపు ఆడపిల్లని గుంట అంటారు. "బడి నుంచొచ్చి గోడకేసి తిరిగి కూకుంటాది. నిన్న కత్తిపీట తెగి రగతం కారతన్నా అమ్మా అన్నేదు. ఆ పూస ఇప్పీండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"కంగారు పడకండి పైడమ్మ గారూ. మీ అమ్మాయి ఇప్పుడే బాగుపడుతోంది. రండి, చూపిస్తాను."

చెయ్యి పట్టుకుని కొలనులోకి తీసుకెళ్లింది. వెలుతురు నడుముదాకా వచ్చేసరికి పైడమ్మ అలవాటుగా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది, తడుస్తాయని.

"అదిగో, ఆ దీపం మీ రత్నం. అంతకుముందు ఇంతెత్తున ఎర్రగా ఉండేది. ఇప్పుడు చూడండి, తెల్లగా సున్నా మీద ఉంది. ఆదివారం మీ ఇంట్లో ఎలా ఉంటుందో ఇప్పుడు బళ్లో కూడా అలాగే ఉంది."

"ఏ ఆదోరం?" అని అడిగింది పైడమ్మ.

"పూస ఇచ్చిన ఆదివారం. ఆగస్టు మూడో వారం."

పైడమ్మ ఆ దీపం వంక చాలాసేపు చూసింది. దాన్ని పట్టుకోబోయినట్టు చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఆ ఆదోరం మా ఆయన పడవ రానేదమ్మా," అంది. "గురువారం ఎల్లినోళ్లు. గాలి తిరిగిపోనాది. పేటంతా ఒడ్డు మీదే ఉన్నాం, పొయ్యి ఎలిగించిన ఇల్లు నేదు. మీ బడోళ్లు కాయితం ఇచ్చినారు గదా, ఎనిమిదింటికి సదవాలని. గవర్నమెంటు కాయితం గదాని నానే సదవమన్నాను. నా గుంట గుమ్మంలో కూకుని సదివినాది. పొద్దున్నే సముద్రం ఎలాగుంటాది అని." పైకి దోపిన కుచ్చిళ్లు వదిలింది. "మంగళారం ఒడ్డెక్కినాడు ఆళ్ల నాన్న, బుదారం గుంట ఆ పూసేసుకుని బడికెల్లినాది. మేం ఆ ఆదోరాన్ని మరిసిపోనాం. మీరు నా గుంటని మళ్లా ఆ రోజుకి అట్టుకెళిపోనారు."

నళినికి లెక్క అర్థమైంది. రత్నం ఎర్రబడింది ఎవర్నో కొట్టి కాదు. నాన్న ఇంటికొచ్చాడని నవ్వుతూ బడికి వచ్చింది, అంతే. ఆ నవ్వుని తాము రెండున్నర నెలలు పట్టుబట్టి కిందికి దింపారు. దింపి లడ్డూలు తిన్నారు.

పైడమ్మ సంతకం పెట్టింది. ఇస్మాయిల్ సీలు తీసి చదివాడు. రత్నం సున్నా పందొమ్మిది గింజలు. దాని మీద ఇరవై రెండు వేసుకుంటే నవ్వే రత్నం గొంతు నలభై ఒకటి. కానీ పందొమ్మిది తక్కువా ఎక్కువా? పక్కన పెట్టి చూడ్డానికి ఇంకో సున్నా తెలిస్తేగా.

"ఈ ఒక్కటీ చూపిస్తే సోమవారం ఒప్పుకోరు మేడమ్," అన్నాడు ఇస్మాయిల్. "ఈ పిల్ల గొంతే అంత అంటారు. పక్కన ఒక మంచి సున్నా కావాలి."

మంచి సున్నా ఎవరిదో ఇద్దరికీ తెలుసు. నళిని పెన్ను తీసుకుని ఆమని కాగితం మీద సంతకం పెట్టింది. ఆ క్షణంలో కూడా, ఇంత బెంగలో కూడా, లోపల చిన్న గర్వం ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఇస్మాయిల్ రెండు దీపాలకీ సున్నాలు తీసేసి, అవి నిజంగా ఎంత లోతులో ఉన్నాయో అక్కడికి వదిలాడు. రెండూ గీత వదిలి మెల్లగా మునగడం మొదలుపెట్టాయి. సున్నా గీత కింద ఇంత లోతు ఉందని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. రత్నం దీపం మోకాళ్ల దాకా దిగి ఆగింది. ఆమని దీపం ఆగలేదు. మోకాళ్లు దాటింది, పిక్కలు దాటింది. సిమెంటు నేలకి బెత్తెడెత్తున ఆగి తెల్లగా వెలిగింది. పదకొండు గింజలు.

"పూస పాడైనట్టుంది మేడమ్," అన్నాడు ఇస్మాయిల్ ఆవిడ మొహం చూడకుండా. పూస పాడవలేదని అతనికీ తెలుసు. టీ తెస్తానని బయటికి వెళ్లాడు.

పైడమ్మ వెళ్లలేదు. వంగి ఆ రెండో దీపాన్ని చూస్తూ, "అయ్యో, ఇదెవరి గుంటమ్మా?" అని అడిగింది. "ఆళ్లకి ఎన్ని పడవలు రానేదో."



ఆ శనివారం ఎలా గడిచిందో ఆవిడకి తర్వాత గుర్తులేదు. మధ్యాహ్నం కొలను గదిలో ఆమని దీపం పక్కన నేల మీద కూర్చుంది. అక్కణ్ణించి పైకి చూస్తే మిగతా దీపాలన్నీ ఎక్కడో పైన, నీళ్ల అవతల ఊళ్లో వెలుగుతున్నట్టు కనపడ్డాయి. ఏళ్ల తరబడి ఇంత అడుగున కూర్చుని తన కూతురు బడికి వెళ్లొచ్చింది, లెక్కలు చేసింది, జడ వేయించుకుంది. బళ్లోనూ ఇంట్లోనూ ఒకే లోతు గనక దీపం కదల్లేదు. దాన్ని చూసి తను నీటిమట్టం అనుకుంది.

ఆగస్టు మూడో ఆదివారం ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోడానికి ఎంతో ప్రయత్నించింది. జ్వరమా? ఎవరైనా పోయారా? ఓడ నుంచి ఏదైనా చెడ్డ కబురా? ఏమీ లేదు. దోసెలు వేసింది, దుప్పట్లు ఉతికింది. మామూలు ఆదివారం. తన ఇంట్లో కూడా ఆ రోజు ఏదో ఒక పడవ రాకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. అలా అనుకున్నందుకు తనకే సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదయింది. ఆ ఇంట్లో బుధవారం నుంచి మాటల్లేవు. ఆమని లైబ్రరీ పుస్తకం ఎక్కడో పారేసుకుని వచ్చింది, అదీ సంగతి.

"ఆమనీ, ఇలా రా," అంది నళిని.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. వస్తూనే "సారీ అమ్మా," అంది. దేనికో అడగలేదు, చెప్పలేదు.

"దానికి కాదు. ఈ పాఠం ఒకసారి చదువు."

ఆమని కిటికీ దగ్గర నిలబడి చదివింది. పొద్దున్నే సముద్రం బూడిదరంగులో ఉంటుంది. తర్వాత వెండిలా మెరుస్తుంది. స్పష్టంగా, ఒత్తులు పోకుండా, తల్లికి నచ్చేటట్టు. బయట మంచులో నిజం సముద్రం కనపడటం లేదు, వినపడుతోందంతే. కొలను గది నుంచి తెచ్చుకున్న మీటరు నళిని చేతిలో పదకొండు చూపించింది.

అల్మారాలోంచి పాత ప్రశ్నల కాగితం తీసింది.

"గత వారంలో ఎన్నిసార్లు నిన్ను ఎవరైనా కొట్టారు?"

"ఎప్పుడూ లేదు."

"ఎన్నిసార్లు నిన్ను ఎవరైనా వెక్కిరించారు?"

"ఒకసారి. నా పళ్ల గురించి. ఊరికే అన్నారులే."

"ఎన్నిసార్లు ఎవరైనా కావాలని నీతో మాట్లాడటం మానేశారు?"

ఆమని ఒక్క నిమిషం ఆలోచించింది. పరీక్షలో ప్రశ్న అర్థంకాని పిల్ల మొహం పెట్టి అడిగింది.

"బళ్లోనా, ఇంట్లోనా?"

పదకొండేళ్లు ఆ కాగితం ఎన్ని చేతులు మారిందో, ఎంతమంది పండితులు దిద్దారో. ఎక్కడ అని రాయాలన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. నళినికీ తట్టలేదు.

"ఇంట్లో," అంది.

"ఒకసారే అమ్మా. బుధవారం నుంచి ఇందాకటి దాకా. అది మొత్తం కలిపి ఒకసారే కదా లెక్క?" అని, తల్లి ఏమీ అనకపోయేసరికి తప్పు చెప్పానేమోనని భయపడి, "నాలుగు అని రాసుకో పోనీ," అంది.

నళిని కాగితం కింద పెట్టి పిల్లని దగ్గరికి లాక్కుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆమనికి ఏం చెయ్యాలో తెలియక తల్లి వీపు మీద చెయ్యి వేసి అలాగే కదలకుండా నిలబడింది.

సోమవారం మీటింగు బళ్లో, పైఅంతస్తులో. ఆ రెండో సున్నా చూపించకపోయినా ఎవరూ అడగరు. కానీ అది లేకపోతే పందొమ్మిదికి అర్థం లేదు. రత్నం కిటికీ పక్కనే ఉండిపోతుంది, జిల్లాలో ఇంకెంతమంది రత్నాలకో విడి బల్లలు పడతాయి. మెట్లెక్కుతూ నళిని మూడుసార్లు ఆగింది. మూడోసారి ఆగినప్పుడు కిందకి దిగిపోదామనుకుంది.

దిగలేదు. తెర మీద రెండు గీతలూ వేసింది. పడవ రాని రోజు ఒక పిల్ల గొంతు పందొమ్మిది అని చెప్పింది. ఆ పిల్ల నవ్వితే నలభై ఒకటనీ, ఆ నవ్వే మనకి ఎర్రగా కనపడిందనీ చెప్పింది. విడి బల్ల సలహా తనదేననీ చెప్పింది. తర్వాత రెండో గీత చూపించి, ఇది మామూలు ఆదివారం, మన బళ్లో అందరికంటే నిమ్మళమైన పిల్లది, పదకొండు అంది.

జ్ఞానప్రసూన గారు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పడవ రాని రోజు కంటే కిందా? పాపం, ఎవరండీ ఆ పిల్ల? ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ముందు కనుక్కోవాలి. కొడతారా?"

"కొట్టరు," అంది నళిని. "మాట్లాడరు. ఆ పిల్ల మా అమ్మాయి."

ఎవరూ కాగితాల మీద సంతకాలు పెట్టలేదు. జిల్లా అధికారి పెన్ను మూత పెట్టుకోవడం కూడా వినపడింది. నళిని అక్కడ ఇంక కూర్చోలేక కిందికి దిగి ఏడో తరగతి గదిలోకి వెళ్లింది. కిటికీ పక్క బల్లని తనే ఎత్తబోయింది, బరువు. ఇద్దరు పిల్లలు వచ్చి పట్టారు. రత్నం పుస్తకాల సంచీ గుండెలకి పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియలేదు, టీచరుకీ తెలియలేదు. మూడో బెంచీలో ఆమని కొంచెం జరిగింది. జరిగి, తల్లి వంక చూసింది, అలా జరగొచ్చో లేదో అని. నళిని తలూపి బయటికి వచ్చేసింది.

మర్నాడు కొలను ఆర్పేశారు. దీపాలు లేని గోదాము మళ్లీ ఉప్పు వాసన వేసింది. శనివారం లోపు పూసలన్నీ తెచ్చివ్వాలని పిల్లలకి చెప్పారు. ఇస్మాయిల్ పళ్లెంలో పోసి లెక్కపెడితే మూడువందల పది తేలాయి. రెండు తక్కువ.

ఆ రెండూ ఏమయ్యాయో నళినికి ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో తెలిసింది. ఆమని మోకాళ్ల దాకా తడిసి, గౌను నిండా ఇసకతో వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, వల్లెవేసుకొచ్చిన మాటలు ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది.

"నా పూసా రత్నం పూసా రాళ్ల దగ్గర సముద్రంలో పారేశాం. ఇద్దరం కలిసే పారేశాం. రత్నం ఎక్కువ దూరం విసిరింది."

నళినికి ఒళ్లు మండిపోయింది. ఆ రెండు పూసలే అన్నిటికంటే ముఖ్యం. ఎక్కడ తప్పు చేశామో రేపు లోకానికి చెప్పాలంటే సాక్ష్యం అవే. కోపం గొంతుదాకా వచ్చి, అలవాటైన దారిలో అక్కడే గడ్డకట్టడం మొదలుపెట్టింది. ఆవిడ అప్పుడే వంటింటి వైపు తిరిగింది. చెయ్యి దానంతటదే కంచం మీద పెట్టే మూత కోసం వెళ్లింది.

మూత చేతిలో పట్టుకుని అలా ఎంతసేపు నిలబడిందో. వెనక ఆమని ఊపిరి కూడా వినపడటం లేదు. తల్లి మూత పెట్టడం కోసం ఎదురుచూస్తోంది, ఎన్నాళ్లో లెక్క మొదలుపెట్టుకోడానికి.

నళిని మూత సింకులో పడేసి వెనక్కి తిరిగింది.

"బుద్ధుందా నీకు? అడక్కుండా ఎలా పారేస్తావు? అవి మనవా? వాటితో నాకెంత పనుందో తెలుసా నీకు?"

గొంతు పగిలి, కీచుగా, ఎవరిదో గొంతులా వచ్చింది. జన్మలో మొదటిసారి కేకవేసిన మనిషికి సవ్యంగా ఎలా వస్తుంది? ఆమని ఒక అడుగు వెనక్కి వేసింది. కళ్లు ఇంతలేసి చేసుకుని తల్లిని కొత్తగా చూసింది. తర్వాత దాని మొహం ఎర్రబడింది.

"అడిగితే నువ్వు మాట్లాడవు కదా," అని అరిచింది.

"ఇప్పుడు మాట్లాడుతున్నానా లేదా?"

"అయితే ఇప్పుడు అడుగుతున్నా. పారెయ్యనా?"

"పారేసొచ్చి అడుగుతావే? సిగ్గులేదూ?"

"నాకే ఉండాలా సిగ్గు? నువ్వు తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఒక మోటారు కోసం. నేను లెక్కపెట్టుకున్నా. రాసుకున్నా కూడా, చూస్తావా?"

"చూస్తా. తీసుకురా."

ఆమని కాళ్ల ఇసకతో ఇల్లంతా తొక్కుకుంటూ పుస్తకం కోసం పరిగెత్తింది. నడవాల్సిన చోట పరిగెత్తడం ఎవరి దగ్గర నేర్చుకుందో తెలుస్తూనే ఉంది. లోపల్నించి కూడా అరుస్తూనే ఉంది, ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ చెప్తాను, అన్నీ వినాలి అని. ఆ గొంతు ఎన్ని గింజల ఎత్తున ఉందో చెప్పడానికి పూస లేదు. నళిని గుమ్మం దగ్గర నిలబడి, "చెప్పు, వింటున్నా, ముందు కాళ్లు కడుక్కో," అని తనూ గట్టిగా అరిచింది.

పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.